సగం కట్టిన గని

"ఏడో లెవల్లో నా మనిషి మళ్ళీ గోడలో ఇరుక్కున్నాడప్పా."

గుమ్మంలో ఆ గొంతు వినగానే రఘునందన్‌కి ఒళ్ళు మండింది.

వరసగా పదకొండో రోజు. అదే చిన్నవెంకటప్ప. చేతిలో సెల్‌ఫోను, చంకలో నోటుబుక్కు. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ఫిర్యాదు.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక మిద్దె మీది గదిలో రఘునందన్, మధుర ఇద్దరే కూర్చుని రెండేళ్ళు తయారుచేసిన వీడియో గేమ్ అది. మూతపడిన కోలారు గనిలోకి ఆటగాడు దిగాలి. ఒక్కొక్క లెవల్ దాటుతూ అడుక్కి చేరాలి. పన్నెండు లెవల్స్ అని ప్రకటించారు. ఆరే పూర్తయ్యాయి. చేతిలో డబ్బు అయిపోయి, మిగతా ఆరూ సగంసగంగా ఉండగానే అమ్మకానికి పెట్టేశారు.

"ముందు అమ్ముదాం, తర్వాత సరిచేద్దాం. అందరూ చేసేదే కదా," అన్నాడు రఘునందన్ ఆ రోజు.

మధుర మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది. ఆమెకు అది నచ్చలేదని అతనికి తెలుసు.

"తాతా, అప్‌డేట్ వస్తాదని చెప్పినాను కదా?" అన్నాడిప్పుడు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

"ఎప్పుడప్పా?"

"వస్తాది."

"కొనేటప్పుడు పన్నెండు ఉండాయని రాసినారు. వస్తాయని రాయలేదే?"

రఘునందన్ పళ్ళు బిగించాడు.

చిన్నవెంకటప్ప నోటుబుక్కు తెరిచాడు. "ఎనిమిదో దాంట్లో మనుషుల్ని దించే బోను కదలదు. బటన్ ఒత్తితే అట్నే నిలబడతాది. తొమ్మిదిలో దీపం ఆరిపోతే మళ్ళీ వెలగదు. ఇంగ పదిలో..."

"తాతా! నీ దుడ్డు నీకు వాపసు ఇచ్చేస్తాను. ఈ ఆట మర్చిపో."

"దుడ్డు ఎవురికి కావాలప్పా? పని ముగించు."

"ముగిస్తానే ఉండాం! ఇద్దరమే ఉండాం. నిద్ర లేదు, తిండి లేదు. ఇది ఆట తాతా. బొమ్మ గోడలో ఇరుక్కుంటే ఎవురూ చచ్చిపోరు."

ముసలాయన నోటుబుక్కు మూశాడు.

"గనిలో పైకప్పు కూలకుండా కొయ్య దూలాలు నిలబెట్టే పని నాది," అన్నాడు. "ఇరవై ఎనిమిదేండ్లు చేసినాను. పైనోళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, సగం కట్టిన దూలం కిందికి ఒక్క మనిషిని పంపలేదప్పా."

"ఇది గని కాదు!"

"గని అని చెప్పే కదా అమ్మినావు?"

మధుర నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. దాంతో రఘునందన్ కుర్చీలోంచి లేచాడు.

"ఇంగ మీదట రావద్దు తాతా. కొన్నోళ్ళు వందలమంది ఉండారు. అందరూ గమ్మునే ఉండారు. నీకొక్కడికే కనిపిస్తాయా ఇన్ని తప్పులు?"

చిన్నవెంకటప్ప ఏదో చెప్పబోయాడు. మళ్ళీ ఆగిపోయాడు.

"సరేప్పా," అని నోటుబుక్కు బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు రఘునందన్.

మూడో రోజు, బోను ఎందుకు కదలడం లేదో ఎంతకీ అంతుబట్టక, విసుగ్గా ఆ నోటుబుక్కు లాక్కున్నాడు.

ఏ తప్పు ఎక్కడ వస్తుందో, దానికి ముందు ఏం చేస్తే వస్తుందో, ఎన్నిసార్లు చూశాడో, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. కొన్నిచోట్ల పెన్సిలుతో బొమ్మలు కూడా గీశాడు.

రెండు గంటల్లో బోను దిగింది.

పది రోజుల్లో ఆట తొమ్మిదో లెవల్ దాకా తప్పుల్లేకుండా నిలబడింది. నెల పడుతుందనుకున్న పని అది.

కానీ ఆ పది రోజుల్లోనే ఇంకొకటి మొదలైంది. ఉత్తరాలు! మాలూరు నుంచి, బెంగళూరు నుంచి, ఎక్కడెక్కడో స్థిరపడ్డ గని కుటుంబాల నుంచి. మోసమన్నారు. దొంగలన్నారు. డబ్బు వాపసు ఇవ్వమన్నారు.

"ఇన్నాళ్ళూ గమ్మునున్నోళ్ళు అందరూ ఒకేసారి ఎందుకు రేగినారు?" అంది మధుర.

"ఏమో! నాకు తల పగిలిపోతా ఉండాది," అంటూ రఘునందన్ బండి తాళం తీసుకున్నాడు. "ఆయప్పకు బోను చూపించి వస్తాను. ఒక్కడైనా మంచిమాట చెబుతాడు."

నోటుబుక్కు అట్ట మీద అడ్రసు ఉంది కాబట్టి ఆండర్సన్‌పేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు దగ్గర ఒక పెద్దావిడ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆయన భార్య అక్కయమ్మ.

"తాత యాడికి పోయినాడమ్మా?"

"పోయి ఎనిమిది దినాలాయె నాయనా. గని దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే ఉండె కదా. ఊపిరాడలేదు." ఆమె అతని చేతిలోని ఫోను వైపు చూసింది. "ఆట చేసే అబ్బాయివి నువ్వేనా? కడాకు దిగి చూడాలని శానా ఆశపడినాడు."

రఘునందన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

గదికి వచ్చేసరికి మధుర కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుని ఉంది. గేమ్ కొన్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పేజీ తెరిచి ఉంది. తిట్లు వస్తాయేమోనని భయపడి, అమ్మకానికి పెట్టిన రెండో రోజు నుంచే ఇద్దరూ చూడటం మానేసిన పేజీ.

"తాత..." అనబోయాడు.

ఆమె స్క్రీను అతని వైపు తిప్పింది.

కోపంతో రాసిన వందల ఫిర్యాదుల్లో, ఎనిమిది రోజుల కిందటి దాకా వచ్చిన ప్రతి ఒక్కదాని కిందా ఒకే మనిషి రాసిన ఇలాంటి జవాబు ఉంది: "అక్కడ ఎడమ పక్కన దిగితే దాటుకోవచ్చు, మిగతాదానికి మాత్రం కొంచెం ఓపిక పట్టండి, ఆ బిడ్డలు మోసగాళ్ళు కారు, మీ అందరి తరఫున నేను రోజూ పోయి అడిగి వస్తా ఉండాను, పని ముగిస్తారు, దానికి నాది పూచీ. ఇట్లు, చిన్నవెంకటప్ప, ఆండర్సన్‌పేట."