పేరు చెప్పని ప్రార్థన

"పేరు చెప్పను గానీ, మన మధ్యే ఉన్న ఒక సహోదరి కోసం ప్రార్థన చెయ్యాలి," అంది అధ్యక్షురాలు.

కళ్ళు మూసుకుని ఉన్న ఆడవాళ్ళంతా టక్కున కళ్ళు తెరిచారు. చర్చి వెనక గదిలో స్త్రీల సమాజం కూడిన ప్రతిసారీ పిల్లల పరీక్షలు, మోకాళ్ళ నొప్పులు, రాని ఉద్యోగాలు అన్నీ అయ్యాక, ఆఖర్న ఇలాంటిదొకటి బయటికొస్తుంది. అసలు రుచంతా అందులోనే ఉంది మరి. "మీ ఇంటి సంగతి, మీ అబ్బాయి సంగతి ఏమైనా ఉందా అక్కా?" అని ఎవరైనా అడిగితే మాత్రం, "దేవుని కృప వల్ల మా ఇంట్లో ఏ లోటూ లేదు," అని తేల్చేస్తుంది అధ్యక్షురాలు.

"ఆ సహోదరి బట్టలు కుడుతుంది. సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతుంది. సాయంత్రమైతే చాలు, బస్టాండు వెనక లాడ్జిలో ఓ మగాడి గదికి పోతోంది. చూసినవాళ్ళే చెప్పారు. ఆమె మనసు మారాలని ప్రార్థిద్దాం."

ఇక పేరుతో పనేముంది? ఆ సంఘంలో బట్టలు కుట్టేది ఒక్కతే. మెడలో టేపైనా తియ్యకుండా షాపు నుంచి పరుగున వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. అందరి తలలూ అటు తిరిగేసరికి పాపం ఆమె మొహం పాలిపోయింది.

"ప్రార్థన సంగతి తర్వాత. ముందు ఆమెనే అడుగుదాం అక్కా," అంది పాస్టరమ్మ మెల్లగా.

"అడగండి, నేనేమన్నా వద్దన్నానా?" అంటూ అధ్యక్షురాలు లేచి, కిటికీలోంచి గేటు వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. కూర్చుందే గానీ కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా ఉంది ఆవిడ పరిస్థితి. పాస్టరు అయ్యగారు ఎవరినో పరామర్శించడానికి వెళ్ళారు. ఆయన వచ్చేలోపు ఇది తేలిపోవాలి. వచ్చారంటే అంతే సంగతులు, క్షమించేసి, టీ తాగించి మరీ పంపిస్తారు. అలా క్షమించుకుంటూ పోతే ఇది సంఘమా, సంతా?

"ఎవరమ్మా ఆ మనిషి?" అడిగింది పాస్టరమ్మ.

"జబ్బు మనిషండీ. తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు. ఇప్పుడు మానేశాడు గానీ లేచి తిరగలేడు. ఇంత తిండి పెట్టి, మందులిచ్చి వచ్చేస్తున్నాను."

"నీకేమవుతాడు?" అధ్యక్షురాలు అందుకుంది.

"ఏమీ కాడండీ."

"ఏమీ కానివాడికి ఇంత సేవా? పేరేంటో చెప్పు."

టైలరమ్మ టేపు కొస వేలికి చుట్టింది, విప్పింది. "చెప్పకూడదండీ. చెబితే వాళ్ళింట్లో వాళ్ళకి తలవంపులు. కాస్త కోలుకున్నాక తనే ఇంటికెళ్ళి కాళ్ళ మీద పడతానన్నాడు. అప్పటిదాకా చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఒట్టు కూడా వేశావా? ఒట్టు పెట్టుకోవద్దని వాక్యంలో ఉందా లేదా?"

"జబ్బుపడ్డవాళ్ళని చూడమని కూడా ఉంది కదక్కా వాక్యంలో," అంది పాస్టరమ్మ.

"లాడ్జి గదిలో ఒంటరిగా చూడమని లేదు."

ఎవరో కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. టైలరమ్మ లేచి నిలబడింది. ఆమెకు నిజంగా భయం వేసింది.

"నన్ను ఎన్నైనా అనండి, పడతాను. పిల్లల్ని మాత్రం నాకు దూరం చెయ్యకండి. వారమంతా మిషన్ తొక్కేది ఆ ఆదివారం కోసమేనండీ."

అధ్యక్షురాలికి లోపలెక్కడో కలుక్కుమంది. ఈమధ్య ఆవిడకి కంటి మీద కునుకు లేదు. ఈ వ్యవహారమొకటి తెమిలితే హాయిగా నిద్రపడుతుందని తనకు తనే చెప్పుకుంటోంది. జాలిపడుతూ కూర్చుంటే తెమిలేదెప్పుడు?

"నువ్వు కాసేపు బయట ఉండు," అంది.

టైలరమ్మ బయటికి వెళ్ళింది. ఆ కంగారులో సంచీ కుర్చీలోనే వదిలేసింది.

"ఇక సండే స్కూలు నుంచి తీసేద్దామన్నవాళ్ళు చేతులెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. మిగతావాళ్ళు పాస్టరమ్మ మొహం వంక చూస్తున్నారు. పాస్టరమ్మ చేతులు ఒడిలోంచి కదల్లేదు. "తప్పు చేసిందని తెలిస్తే నేనే కూర్చోబెట్టి మాట్లాడతాను. తెలియకుండా ఎత్తలేనక్కా," అంది.

సరిగ్గా అప్పుడే సంచీలో ఫోను మోగింది. అధ్యక్షురాలు ఆగలేకపోయింది. రెండంగల్లో వెళ్ళి బయటికి తీసింది. తెర మీద 'తమ్ముడు' అని ఉంది.

"చూశారా? ముందూ వెనకా ఎవరూ లేనిదానికి తమ్ముడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

"పరాయివాళ్ళ ఫోను అక్కా, వద్దు."

"ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని వాక్యం. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. అందరూ వినండి," అంటూ అధ్యక్షురాలు స్పీకరు పెట్టి, ఫోను గది మధ్యలోకి చాచింది.

ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఒక నీరసపు గొంతు.

"అక్కా, ప్రార్థన అయిపోయిందా? మా అమ్మేగా నడిపించింది. ఇవాళైనా నా పేరు ఎత్తిందా?"