అర్హత లేని సాక్షి

కోర్టు గుమ్మం దగ్గర తనిఖీలో ఎల్డన్ ప్రుయిట్ సంచీని ఆపేశారు.

గార్డు ఒక్కొక్కటే బయటికి తీశాడు. సుద్దముక్కలు, కొలత టేపు, భూతద్దం, మట్టి కొట్టుకుపోయిన మోకాలి మెత్తలు.

వెనక వరసలో ఉన్న లాయరు మార్లా కెస్లర్‌కు నవ్వాగలేదు.

"పెద్దాయనా, సాక్ష్యం చెప్పడానికొచ్చారా, టైల్స్ వెయ్యడానికొచ్చారా?"

ఆయనా నవ్వాడు. "రెంటికీ అరిగేది మోకాళ్లేనమ్మా," అన్నాడు.

ఆ రోజు విచారణ డెనిస్ వోగెల్‌ది. ఊరూరికీ రొట్టెల వ్యాను నడిపే మనిషి. కిందటి అక్టోబరులో, చీకటి పడే వేళ, మొక్కజొన్న చేల మధ్య కూడలిలో ఆమె ఎదుటి బండ్ల దారికి అడ్డంగా ఎడమవైపుకు తిరిగింది. ఎదురుగా వచ్చిన మోటారు సైకిలు వ్యానును గుద్దుకుంది. దాన్ని నడుపుతున్నతను అక్కడికక్కడే పోయాడు.

మొదటి రోజు నుంచీ డెనిస్‌ది ఒకటే మాట. ఆ బండికి లైటు లేదు, ఉంటే నేను తిరిగేదాన్నే కాదు.

తప్పు ఆమెదే అని తేలితే ఆరేళ్ల జైలు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

డెనిస్ తరఫు లాయరు మార్లాయే. ఆ మాట రాసుకుంది కానీ నమ్మలేదు. గుద్దినవాళ్లందరూ చెప్పేదే అది అనుకుంది. ఆమె పద్ధతి వేరు. అవతలి నిపుణుణ్ణి నోరు తెరవకముందే ఇంటికి పంపించడం. ఆ చుట్టుపక్కల కోర్టుల్లో ఆమె దానికి పెట్టింది పేరు.

ప్రభుత్వం ఇద్దరు నిపుణుల్ని తెచ్చింది. రోడ్డు మీది గుర్తుల్ని బట్టి ప్రమాదం ఎలా జరిగిందో లెక్కగట్టి చెప్పేవాళ్లు. అలాంటివాళ్ల మాట తీర్పు చెప్పే జ్యూరీ వినాలంటే, ముందు వాళ్లకు ఆ అర్హత ఉందని జడ్జి ఒప్పుకోవాలి.

జ్యూరీని లోపలి గదికి పంపారు. మొదటి నిపుణుడు ప్రుయిట్. మార్లా లేచింది.

"ఇంజినీరింగు చదివారా?"

"లేదమ్మా."

"పోనీ, కాలేజీ?"

"ఒక ఏడాది. మా నాన్న పోతే పొలం చూసుకోడానికి వెనక్కొచ్చేశాను."

"మరి ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారు?"

"రోడ్డు మీదే. హైవే పోలీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. డిపార్టుమెంటు పంపిన క్లాసులన్నీ చదివాను. గుర్తింపు పరీక్షా పాసయ్యాను."

"ఆ గుర్తింపు ఇప్పుడుందా?"



"లేదమ్మా. అయిదేళ్లకోసారి కొత్త క్లాసులకు వెళ్లి నిలబెట్టుకోవాలి. మా ఆవిడ మంచాన పడ్డ ఏడాది వెళ్లలేకపోయాను."

జడ్జి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఈయన సాక్ష్యం అక్కర్లేదన్నాడు.

ప్రుయిట్ లేచాడు. డెనిస్ వైపు చూశాడు.

"జడ్జిగారూ, ఒక్క మాట..."

మార్లా అడ్డుపడింది. అర్హత లేని మనిషి మాట రికార్డుకెక్కకూడదని పట్టుబట్టింది. జడ్జి సరేనన్నాడు. ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రెండో నిపుణుడికి డాక్టరేటు ఉంది. ఆయన్ని మార్లా కదిలించలేకపోయింది. ఆయన ఆ కూడలి మొహం ఎప్పుడూ చూడలేదు. ఫొటోలు ముందేసుకుని కంప్యూటరులో బొమ్మల సినిమా కట్టుకొచ్చాడు. అందులో మోటారు సైకిలు లైటు ధగధగా వెలుగుతోంది. అది వెలిగిందని మీకెలా తెలుసని మార్లా అడిగింది. వెలగాలని చట్టం కదా అన్నాడు.

జ్యూరీకి అది చాలింది. డెనిస్‌కు ఆరేళ్లు పడింది.

అప్పీలుకు కాగితాలు సర్దుతుంటే ప్రుయిట్ రిపోర్టు మార్లా చేతికొచ్చింది. విచారణకు ముందే ప్రభుత్వం ఆమెకు పంపినదే. నలభై ఆరు పేజీలు. మొదటి మూడే నలిగి ఉన్నాయి. నిపుణుల చదువూ ఉద్యోగాలూ ఉండేది ఆ మూడింట్లోనే. ఆ తర్వాతవి తిప్పే అవసరం ఆమెకు ఏ కేసులోనూ రాలేదు.

ఇప్పుడు తిప్పింది. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది.

"మోటారు సైకిలు పాతది. లైటుకు వేరే స్విచ్చు ఉంది. దాని బల్బు నాకు పక్క కాలవలో దొరికింది. వెలుగుతున్న బల్బులో తీగ వేడికి మెత్తబడి ఉంటుంది. దెబ్బ తగిలితే సాగుతుంది. చల్లగా ఉన్న తీగ పుటుక్కున తెగుతుంది. ఈ తీగ సాగలేదు, తెగింది. గుద్దుకున్న సమయంలో లైటు వెలగడం లేదు."

మార్లా ఆయనకు ఫోను చేసింది. ఆయన ముందు డెనిస్ పిల్లలు ఎవరి దగ్గరున్నారని అడిగాడు. ఆ తర్వాతే మిగతాది చెప్పాడు.

"ప్రభుత్వ లాయర్లు నన్ను వేగం గురించే అడుగుతామన్నారమ్మా. లైటు సంగతి మీరు అడగాలి. అడుగుతారనే అనుకున్నాను."

మార్లాకు తల కొట్టేసినట్టయింది.

అప్పీలు నిలవలేదు. రిపోర్టు మొదటి నుంచీ మీ దగ్గరే ఉంది, ఆ మనిషి మాట చెల్లదని వాదించి గెలిచిందీ మీరే అన్నారు పై కోర్టు జడ్జీలు.

ఆ సంగతి చెప్పడానికి మార్లా జైలుకు వెళ్లింది. రాసినవాడి పేరు లేని ఆ ఒక్క పేజీ డెనిస్ ముందు పెట్టింది. డెనిస్ రెండుసార్లు చదివింది. ఏడవలేదు. కాగితం మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది.

"నా మాట నిజమన్నవాడు ఒకడున్నాడన్నమాట," అంది. "మరి ఈయన్ని మనమెందుకు పిలవలేదు?"

మార్లా తలెత్తలేకపోయింది.

"ఆయన వచ్చాడు డెనిస్. నీ తరఫున మాట్లాడగలిగిన మనిషి ఆ కోర్టులో ఆయనొక్కడే, ఆయన్ని లేపి పంపించింది నేనే."