చిన్నల్లుడి బండికి మందు

“వాడి బండికి మందూ, నా బండికి ఉత్త ఆయిలా?” పెద్దల్లుడు మేస్త్రి చేతిలోని సీసా మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

బస్సు డిపో మేస్త్రి విసుక్కున్నాడు. “ఇద్దరికీ పోస్తే ఇక తేడా ఏం తెలుస్తుందయ్యా? మీ రెండు బస్సులూ ఒకేసారి కొన్నవి. తిరిగేది ఒకే రూట్లో. రెండు ఇంజన్లకీ కొత్త బేరింగులు వేశాం. ఒకదాని ఆయిల్లో ఈ మందు కలుపుతాం, రెండోదాంట్లో కలపం. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పొరలా నిలబడుతుందట. ఏడాది తిప్పి, విప్పి చూస్తే నిజమేదో తెలుస్తుంది. ఆ అరుగుదలని బట్టే రాబోయే కొత్త బస్సు మీలో ఎవరికివ్వాలో మేనేజరుగారు తేలుస్తారు.”

ఆ మాటతో పెద్దల్లుడి కడుపులో మంట రాజుకుంది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు కావడంతో డిపోలో వాళ్ళ అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. అత్తగారింట్లో చిన్నల్లుడు అడుగుపెడితే చాలు, టేబుల్ ఫ్యాన్ దానంతటదే అతని వైపు తిరుగుతుంది. ఇప్పుడు డిపోలోనూ అదే వరసన్నమాట.

“మీరు బాధపడకండన్నయ్యా,” అన్నాడు చిన్నల్లుడు సీసా అందుకుంటూ. “మందు పోసినా, అమృతం పోసినా, మీ చెయ్యి ముందు నేనెంత?”

వాడు నిజంగానే మంచివాడు. పెద్దల్లుడికి ఒళ్ళు మండేది కూడా అందుకే.

ఇంటికొచ్చి భార్య దగ్గర వెళ్ళగక్కాడు. ఆవిడ తేలిగ్గా తీసిపారేసింది. “పోనిద్దురూ, నా చెల్లెలి మొగుడేగా. ఎవరికొస్తే ఏం?”

“ఏమా? ఆ కొత్త బస్సు స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందట. నేనేమో ఈ పాత డొక్కుతో కుస్తీపట్టి భుజాలు పోగొట్టుకుంటున్నాను. రేపు మీ అమ్మ కొత్త బస్సులో ముందు సీట్లో కూర్చుని మన వీధిలోంచి వెళ్తుంది. నువ్వు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపు!”

మర్నాడు చిన్నల్లుడు సీసాని తన బస్సు ముందు చక్రం పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు. పెద్దల్లుడు అటూ ఇటూ చూశాడు. సీసాలో మందంతా తన ఇంజన్లోకి ఒంపేశాడు. తన డబ్బాలోని ఉత్త ఆయిల్ ఆ సీసాలో నింపి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. రెండూ తేనె రంగే, కనిపెట్టే నాథుడు లేడు.

చిన్నల్లుడు ఈలేసుకుంటూ వచ్చి ఆ సీసాని తన ఇంజన్లో గుమ్మరించాడు. “తాగమ్మా, తాగు తల్లీ,” అంటూ బానెట్ నిమిరాడు. పెద్దల్లుడు నవ్వాపుకోలేక గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

అప్పట్నుంచి మేస్త్రి సీసా ఇచ్చినప్పుడల్లా ఇదే తంతు. ఏడాది గడిచేసరికి పెద్దల్లుడి ఇంజన్ పిల్లిలా గుర్రుమంటోంది. చిన్నల్లుడిది పొద్దున్నే స్టార్టు చేస్తే టకటకమని దగ్గుతోంది.

“ఇంత మందు పోస్తున్నా ఈ రోగం ఏమిటన్నయ్యా?”

“కొన్ని ఒళ్ళకి మందు పడదు తమ్ముడూ,” అన్నాడు పెద్దల్లుడు, ఎంతో జాలిగా.

ఇంజన్లు విప్పే రోజు రానే వచ్చింది. మేస్త్రి రెండు బస్సుల బేరింగులూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. చిన్నల్లుడివి పైపూత అరిగి, లోపలి రాగి ఎర్రగా బయటపడింది. పెద్దల్లుడివి బూడిదరంగు చెదరకుండా, పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి.

“విచిత్రంగా ఉందండీ,” అని మేస్త్రి తల గోక్కున్నాడు. “మందు పోసింది అరిగింది, పొయ్యనిది అరగలేదు.”

“అయితే మందు దండగ,” అన్నాడు మేనేజరు. పెద్దల్లుడి వైపు తిరిగి కళ్ళల్లోకి చూశాడు. “నిజం చెప్పు. నీ బండిలో నువ్వేమైనా కలిపావా?”

“అమ్మతోడు, చుక్క కూడా కలపలేదండీ!” పెద్దల్లుడు తడుముకోకుండా అన్నాడు. “ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ ఆపాలో తెలిసుండాలి గానీ మందులూ మాకులూ ఏం చేస్తాయండీ? అంతా చేతిలో ఉంటుంది.”

చుట్టూ ఉన్న డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. చిన్నల్లుడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తల వంగడం చూసి పెద్దల్లుడికి ఏనుగెక్కినంత సంబరమైంది. గేటు దగ్గర కొత్త బస్సు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లయినా తియ్యకుండా మెరిసిపోతోంది. అత్తగారిని ముందు సీట్లో కాదు, వెనకాల గతుకులు తెలిసే సీట్లో కూర్చోబెట్టాలని అప్పుడే నిశ్చయించేసుకున్నాడు.

మేనేజరు జేబులోంచి కొత్త బస్సు తాళం తీశాడు. పెద్దల్లుడు చెయ్యి చాచాడు. మేనేజరు ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపి, అందరికీ వినబడేలా అన్నాడు.

“ఇదయ్యా చెయ్యంటే! ఆ పాత బస్సు ఈయన రిటైరయ్యేదాకా ఈయన చేతిలోనే నడుస్తుంది. ఇదిగో చిన్నల్లుడూ, ఈ తాళం నువ్వు తీసుకో. అరిగిపోయింది నీ బండే కదా!”