మూలుగు పాఠం

"అలా కాదు. నడుం పట్టుకుని మూలగాలి. ఇదిగో, ఇలా... అమ్మా, చచ్చానో!" భర్త సోఫాలో పడి మెలికలు తిరిగిపోయాడు.

వంటింట్లోంచి అత్తగారు పరుగున వచ్చింది. "ఏమైందిరా నీకు?"

"నాకేం కాలేదమ్మా. రేపు బీమా కంపెనీ డాక్టరు నీ కోడల్ని పరీక్షిస్తాడు. ఒళ్లంతా సలిపే ఈ ఫైబ్రోమయాల్జియా ఏ స్కానింగులోనూ కనబడదు. నొప్పి నిజమేనని ఆయన నమ్మితేనే స్పెషలిస్టు ఖర్చు ఇస్తారు."

"మరి నువ్వెందుకురా మూలుగుతున్నావు?"

"దానికి చేతకావడం లేదు!"

భార్య హోటల్లో రిసెప్షనిస్టు. "కౌంటర్లో మూలిగితే ఉద్యోగం ఊడుతుందండీ. ఉద్యోగంతో పాటే బీమా పోతుంది. డాక్టరు ముందు మూలక్కపోతే వైద్యమే లేదు. ఇన్నేళ్లూ అణచుకున్నదాన్ని, రేపొక్కరోజు మూలగమంటే ఎక్కణ్ణించి తేను?"

"పోనీ, నీ బదులు వీణ్నే పంపు. నిమిషంలో మంజూరు చేస్తారు" అంది అత్తగారు.

భర్తకు విసుగొచ్చింది. "సరే, నటించొద్దు. నిజంగా భరించలేనంత నొప్పి వచ్చినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో అదే చూపించు."

ఆమె కాస్త ఆలోచించింది. భుజాలు సర్దుకుని, తల కొంచెం పక్కకు వంచి, చల్లగా నవ్వింది.

"అదేమిటే! రోజూ మాకు కనిపించే ముఖమేగా ఇది!" అంది అత్తగారు.

రోజూ సాయంత్రం భర్తకు తలుపు తీసేది ఆ నవ్వే.

పాఠం మొదలైనప్పటినుంచీ ఆమె నిలబడే ఉంది. అతను లేచి సోఫా ఖాళీ చేశాడు.