ఏడో గుల్ల

"నల్లది ఎందుకు నాయినా మనకి?" అని అడిగింది రోజారమణి.

"ఆచారం మే. రెండూ తీసకపోవాల," అన్నాడు చిన్నపోలయ్య తలపాగా చుట్టుకుంటూ.

ఆమె తండ్రి చేతిలో ఒక తెల్లగుల్ల, ఒక నల్లగుల్ల పెట్టింది. తెల్లదాని లోపలివైపు పోలేరమ్మ పసుపు అద్దింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మొక్కు ఫలించదంటారు.

పులికాట్ సరస్సులో రొయ్య పడే తావులన్నీ ఆరూళ్లవి. ఏ రోజు ఎవరు వల వేయాలో ఆ ఊళ్లు వంతులేసుకుంటాయి. గువ్వలకుప్పం ఆ ఆరింటిలో లేదు. వీళ్లకు మిగిలింది ఒడ్డున బురదనీళ్లే. మమ్మల్నీ కలుపుకోండని తొమ్మిదేళ్లుగా అడుగుతున్నారు. ఊరిపెద్ద చిన్నపోలయ్య తిరగని గడప లేదు. ఆయన కాగితాల సంచి చంకన పెట్టుకుని బయల్దేరితే టీ అంగట్లో కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు.

ఏడాదికోసారి ఆరూళ్ల పెద్దలు గుడ్డ కప్పిన కుండలో తెల్లదో నల్లదో తలా ఒక గుల్ల వేస్తారు. అడిగే ఊరు కూడా, మాకు సమ్మతమేనని, ఒకటి వేయాలి. ఏడూ తెల్లవైతేనే చేరినట్టు. ఒక్క నల్లది పడినా మళ్లీ ఏడాది ఆగాలి. ఎవరు ఏది వేశారో తెలియకుండా, మిగిలిన గుల్లను సరస్సులో పారేయాలి.

పడవ తెచ్చింది గంగాధరం. రోజారమణికి మేనమామ, పక్కనున్న రేవుకుప్పానికి పెద్ద. తండ్రితో పాటు ఆమె, ఆమె మొగుడు మస్తాన్ కూడా ఎక్కారు.

"ఈ యేడన్నా కాకుంటే నేను మళ్లా ఓడెక్కతా," అన్నాడు మస్తాన్. రెండేళ్లు ఓడలో వంటపని చేసి, ఇక పోనని పెళ్లానికి మాటిచ్చి వచ్చినవాడు. ఆ రెండేళ్లూ ఎట్లా గడిచాయో రోజారమణికే తెలుసు.

"అట్టనబాక. ఈసారి అవద్ది," అందామె.

"గోరాన్‌తో పందెం గూడా కాసినా. ముందు వాళ్లు చేరతారా, మనం చేరతామా అని."

"ఎవురబ్బా ఆయన?" అన్నాడు గంగాధరం గెడ వేస్తూ.

"ఓడలో నా జతగాడు. వాళ్లది ఉత్తర మాసిడోనియా. మన జిల్లాలంటివి రెండు కలిపితే అంతుంటాది. యూరప్‌లో ఇరవై ఏడు దేశాలు ఒక జట్టు. దాంట్లో చేర్చుకోండి సామీ అని ఇరవై యేళ్లుగా గడపకాడ నిలబడుండారు. పేరు బాగలేదని ఒక దేశం అడ్డమొస్తే, పేరే మార్చుకున్న్యారు. ఇప్పుడు ఇంకో పక్కదేశం కుదరదంటా వుండాది. ఒక్కరు వద్దన్నా వద్దే."

"మనమే నయం. వల కన్ను పెద్దది చెయ్యమన్న్యారు, చేసినాము. పేరు జోలికి రాలేదు," అంది రోజారమణి.

"గోరాన్ ఇంకో మాట గూడా అంటాడు. మా నాయకులకేం, ఇదిగో చేరస్తాం అదిగో చేరస్తాం అనే మాట మీదే ఓట్లు గెలస్తా వుండారని."

గంగాధరం నవ్వాడు. "మా బావ అట్ట కాదులే. ఏం బావా, మాతో కలిసినాక గడపగడపకీ తిరిగే పనుండదు. ఇంక నీకు తలపాగాతో పనేముండాది, నాకిచ్చెయ్."

అందరూ నవ్వారు. చిన్నపోలయ్య తలపాగా సర్దుకున్నాడు.

రేవుకుప్పంలో పెద్దలు, వాళ్ల వెనక మస్తాన్, రేకుల షెడ్డు లోపలికి వెళ్లారు. ఆడవాళ్లు లోపలికి పోకూడదు. రోజారమణి గట్టు మీద నిలబడింది. కాసేపటికి మస్తాన్ బయటికొచ్చాడు.

"ఆరు తెల్లవి. ఒకటి నల్లది," అన్నాడు.

పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, పిడికిలి నీళ్లలో ముంచి మిగిలిన గుల్లను వదిలి వెళ్లిపోయారు. చిన్నపోలయ్య ఆఖరున వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"ఎవురు నాయినా?"

"ఎవురని చెప్పేది? మనం చేరితే ఎవురి నీళ్లు తగ్గతాయో ఆలోచించుకో," అన్నాడాయన తల వంచుకుని.

గువ్వలకుప్పానికి ఆనుకునున్న నీళ్లు రేవుకుప్పానివే. గంగాధరం పడవ విప్పుతున్నాడు. రోజారమణి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నువ్వే గదా మామా?"

"తెల్లదే వేసినా మే. మా అక్క మీద ఒట్టు."

"పొయ్యిన అమ్మని ఎందుకు లాగతావు? ఆమె చేత్తో ఎత్తుకుని పెంచింది నిన్ను. ఆమె కూతురి కూట్లో మన్ను కొట్టినావు."

"రోజా, నా మాట..."

"నీ పడవ ఎక్కం. మా గుమ్మం తొక్కబాక."

గంగాధరం బావ వైపు చూశాడు. చిన్నపోలయ్య నీళ్ల వైపు చూస్తున్నాడు.

ముగ్గురూ మోకాటి లోతు బురదలో నడిచి వచ్చారు. సగం దారిలో చిన్నపోలయ్య జారి పడ్డాడు. రోజారమణి లేవదీసింది. ఇస్త్రీ చొక్కా అంతా నల్లబురద. ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"వచ్చే యేడు మళ్లా అడగతావా నాయినా?"

"అడక్కుండా? బతికుండేదాకా అడగతా," అన్నాడు.

ఇంటికి రాగానే ఆయన చొక్కా విప్పి మంచం మీద వాలాడు. ఊరంతా పలకరించడానికి వచ్చింది. నీ అంత పెద్ద మాకు దొరకడన్నారు. వాకిట్లో మస్తాన్ పాత సంచి దులుపుతూ గోరాన్‌కి ఫోన్ కొట్టాడు.

"మాది ఈ యేడూ లేదు," అన్నాడు. అవతలి మాట విని, పెళ్లాం వైపు తిరిగాడు. "ఎవురు అడ్డమొచ్చినారని అడగతా వుండాడు."

"పక్కూరోళ్లని చెప్పు. సొంత మేనమామని చెప్పు," అంది రోజారమణి, తండ్రి చొక్కాను బకెట్లో ముంచుతూ.

జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి, బురద కడిగి చూసింది.

తెల్లగుల్ల, లోపల పసుపు.