మూడు గంటల కూర

"అంత మంట కాదు. అమ్మ ఇంకా చిన్నగా పెట్టేది," అంది పిడుగు.

వంట చేస్తున్న ఆమె స్టవ్ మీట ఇంకాస్త తిప్పింది. మంట ఉందా లేదా అన్నట్టు నీలంగా మిగిలింది.

"ఇలాగా?"

"ఊఁ. ఇలాగే."

పిడుగు అన్నది తండ్రి పెట్టిన ముద్దుపేరు. తొమ్మిదేళ్ల ఆ పిల్ల నోటివెంట మాట రావడమే గగనం కాబట్టి, వేళాకోళానికి పెట్టాడు. తల్లి పోయి మూడేళ్లు. తండ్రిని పెళ్లాడి ఆమె ఈ ఇంటికి వచ్చి ఏడు నెలలు. ఇన్నాళ్లలో పిల్ల ఆమెను ఏ వరుసతోనూ పిలవలేదు. ఏదైనా కావాలంటే వచ్చి పక్కన నిలబడేది, ఆమె తల తిప్పి చూసేదాకా అలాగే ఉండేది. అలక లేదు, ఎదురుమాట లేదు. ఒక్కసారి పోట్లాడినా బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

అలాంటి పిల్ల నిన్న బడి నుంచి రాగానే ఒక కాగితం చేతికిచ్చింది. మధ్యధరా సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు చేసుకునే కూరట. వంకాయలు, టమాటాలు, క్యాప్సికం, వెల్లుల్లి, ఆలివ్ నూనె. సన్నసెగ మీద మూడు గంటలు.

"ఆదివారాలు అమ్మ చేసేది. మీకు వచ్చా?"

కళ్లజోళ్ల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి వచ్చే మనిషి ఆమె. ఇరవై నిమిషాలు దాటితే ఆమె లెక్కలో అది వంట కాదు, శిక్ష.

"రాదు. నేర్పుతావా?" అంది.

పోయినవాళ్ల చేతివంటతో పోటీపడి గెలిచినవాళ్లు లేరని ఆమెకు తెలుసు. అయినా ఈ ఒక్క కూర కుదిరితే, పిల్ల పక్కన తనకూ కాస్త చోటు దొరుకుతుందని ఆశ.

స్టవ్ వెలిగించకముందు, వంకాయల్ని చక్రాలుగా తరుగుతుంటే పిల్ల బల్లమీద గడ్డం ఆనించి చూసింది.

"అమ్మ తరిగేటప్పుడు కబుర్లు చెప్పేది."

"ఏం కబుర్లు?"

"ఏవో. నవ్వొచ్చేవి."

ఆమె కాస్త వెతుక్కుని, మొన్న దుకాణానికి వచ్చిన ముసలాయన సంగతి చెప్పింది. ఆయన కొత్త జోడు పెట్టుకుని భార్య వంక చూసి, "ఏమే, నీకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయి?" అన్నాడు. భార్య జోడు లాగేసి, "ఈయనకు పాతవే చాలమ్మా, మా కాపురం చల్లగా ఉండనీ," అని చేతిలో పెట్టింది.

పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆమె వినడం అదే మొదలు.

ముక్కలు వరసగా పేర్చి, నూనె పోసి, మూత పెట్టి, మంట సన్నం చేశారు. ఆమె కొంగున చేతులు తుడుచుకుని బయటికి నడవబోయింది.

"వదిలేసి పోకూడదు. అమ్మ ఇక్కడే కూర్చునేది."

"మూడు గంటలూనా?"

"మూడు గంటలూ."

"ఫోను?"

"అవతలి గదిలో పెట్టేసేది."

"మరి కూర్చుని ఏం చేసేదే?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "నాకు జడ వేసేది."

"జడకు మూడు గంటలా? మీ అమ్మ ఓపికకు దండం పెట్టాలి."

"విప్పి మళ్లీ వేసేది."

వంటింటి గచ్చుమీదే కూర్చున్నారు. మొదటి జడ ఎలుకతోకలా వచ్చింది. రెండోది పక్కకు వాలింది. మూడో జడ అల్లుతుండగా పిల్ల నోరు విప్పింది. ఊడబోతున్న పన్ను, పెన్సిలు విరగ్గొట్టి మాట్లాడటం మానేసిన స్నేహితురాలు, పీడకలలో వచ్చే లెక్కల టీచరు. ఒకటి అవకుండానే ఇంకొకటి. ఇంత సరుకు ఎక్కడ దాచిందో అనుకుంది ఆమె. చెబుతూ చెబుతూ పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుంది.

"అమ్మ పాటలు కూడా పాడేది."

"అమ్మో, నాకు రాదు."

"అమ్మ కూడా బాగా పాడేది కాదు."

"అయితే అలా పాడటం నాకూ వచ్చు."

పాడింది. పిల్ల చెవులు మూసుకుని పకపకా నవ్వింది. మూత అంచునుంచి టమాటా, వెల్లుల్లి కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంటోంది.

"పిన్నీ, అడుగంటుతోందేమో చూడు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "చూస్తానే," అని లేచి, కాసిని నీళ్లు చిలకరించి, పిల్ల వైపు తిరగకుండా చాలాసేపు కూర వంకే చూసింది. తరువాత ఒక ముక్క చెంచాతో తీసి ఊదింది.

"నిజం చెప్పు. మీ అమ్మ చేసినట్టు ఉందా?"

పిల్ల నమిలి, కళ్లు మూసుకుని, "అచ్చం," అంది.

బస్సు డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన తండ్రికి ఇద్దరూ కలిసే వడ్డించారు. పిల్ల నోరు ఆగడం లేదు. ఆయన కూతురి వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"ఏంటివాళ ఇంత సందడి? ఇదేం కూర?"

"అక్క చేసే కూర," అంది ఆమె. "పిడుగే దగ్గరుండి నేర్పింది. అక్కకు మాట రాకూడదని ప్రాణం పెట్టి చేశాను. వంకాయ సరిగ్గా ఉడికిందా?"

ఆయన నోటిదాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగింది. పిల్ల జడ కొస నోట్లో పెట్టుకుని కంచంలోకి చూస్తోంది.

"మీ అక్క ఉన్నన్నాళ్లూ వంకాయ ఈ గడప తొక్కలేదు," అన్నాడాయన.