ఐదో వరుసలో నవ్వని మనిషి

మూడు వందల మంది నవ్వారు. ఐదో వరుసలో ముసలావిడ ఒక్కతే నవ్వలేదు.

“కట్!” అని అరిచాడు డైరెక్టర్ గారెట్. “నెల్డా, ఆవిడ సంగతేంటో చూడు!”

నెల్డా నాష్‌విల్ పిల్లే. కాలిఫోర్నియా వాళ్ళు వచ్చి, ఆ ఊరికి పేరు తెచ్చిన కంట్రీ పాటల గాయకుల మీద వెటకారంగా సినిమా తీస్తున్నారు. జనాన్ని పోగుచేసే పని ఆమెది. పని దొరికిందని సంతోషం, చేస్తున్న పనికి సిగ్గు. ఆ వేసవంతా రెండూ మోస్తూనే తిరిగింది.

వేదిక మీద నటి కొండంత సిగ, చెమ్కీల గౌనుతో నిలబడి ఉంది. సినిమాలో పేరు మార్చారు గానీ అది గాయని డెల్ఫీన్ రేస్ వేషమని ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు డెల్ఫీన్ రికార్డు మోగని వంటిల్లు లేదక్కడ.

నెల్డా ముసలావిడ పక్కన వంగింది.

“పెద్దమ్మా, ఆమె గొంతు బొంగురుపోగానే మీరూ నవ్వాలి.”

“ఎందుకు తల్లీ?”

“సినిమా కదా. నవ్వించడానికే.”

“పాటేం పాపం చేసింది?”

నెల్డా వెనక్కి తిరిగి గారెట్ వైపు చూసింది.

“నా కోసం నవ్వండి. నా ఉద్యోగం.”

“సరేలే. చూస్తాను.”

రెండో టేకు. నటి హెచ్చు స్వరం అందుకోబోయి, చెప్పినట్టే గొంతు విరిచింది. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వుల మధ్య ముసలావిడ లేచి నిలబడింది. నటి వదిలేసిన చోటు నుంచి పాట అందుకుంది. గట్టిగా కాదు, పొయ్యి దగ్గర పాడుకుంటున్నట్టు.

ఒక్కో వరుసా నవ్వు మానేసింది. వేదిక మీద నటి చేతులు వేలాడేసి వింటూ ఉండిపోయింది.

“కట్! ఎవరది? బయటికి పంపండి!”

నెల్డా ఆమెను గేటు దాకా తీసుకెళ్ళింది. తన మధ్యాహ్నం తిండి పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

“ఏమనుకోకండి పెద్దమ్మా.”

“నేనేమనుకుంటాను? తప్పు నాదే. నోరు జారింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ జారలేదు.”

బస్సొచ్చింది. ఆవిడ ఎక్కేసింది.

ఏడు నెలల తర్వాత గారెట్ ఫోన్ చేశాడు.

“ఆ ముసలావిడ పాడిన ముక్క ఉందే, సినిమా మొత్తానికీ ప్రాణం అదే. కానీ జనంలో కూర్చున్నందుకు పెట్టిన సంతకం చాలదు, పాటకి వేరే సంతకం కావాలంటున్నారు లాయర్లు. పట్టుకో. దొరక్కపోతే నవ్విన ముక్కే పెట్టాలి.”

ఆ రోజు వచ్చిన జనం జాబితాలో పేరు దొరికింది. ఓపల్ టిడ్వెల్. నది అవతల గదులు అద్దెకిచ్చే ఇల్లు. పక్క గదిలో ఉండే ముసలి ఫిడేలు వాద్యకారుడు హోబర్ట్ తలుపు తీశాడు.

“ఆలస్యమైందమ్మా. క్రిస్మస్ ముందే పోయింది.”

“ఆవిడ తరఫున సంతకం పెట్టేవాళ్ళు?”

“ఎవరూ లేరు.”

నెల్డా కాగితం మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

“అంత బాగా పాడిన మనిషిని నేనే గేటు దాటించాను. ఎవరో ఏమిటో అడగనైనా అడగలేదు.”

హోబర్ట్ తలుపు పూర్తిగా తెరిచాడు.

“ఈ ఊరి పిల్లవేనా? డెల్ఫీన్ రేస్ పాటలు విన్నావా?”

“వింటూనే పెరిగాను. మా అమ్మ జోలపాట బదులు అవే పెట్టేది.”

“డెల్ఫీన్ చూడచక్కని పిల్ల. శ్రుతి మాత్రం నిలిచేది కాదు. ఇంకొకళ్ళకి చెప్పనని రికార్డు కంపెనీ వాళ్ళు ఓపల్ దగ్గర రాయించుకున్నారు. ఇప్పుడిక రాసిచ్చిన మనిషే లేదు గనక చెబుతున్నా,” అన్నాడాయన. “ఆ రికార్డులన్నిటికీ ఫిడేలు వాయించింది నేను, పాడింది ఓపల్.”